నాన్న కూడా

జనవరి 9, గురువారం

మధ్యాహ్నం ల్యాబ్‌లో బ్రేకుల పరీక్ష నడుస్తుండగా ఫోన్ వచ్చింది. తెలియని నంబరు. అవతలి మనిషి చావు కబురు చెప్పేవాళ్ళలా నెమ్మదిగా మాట్లాడాడు. జైల్లో ఖైదీలకు వాక్యం చెప్పే పాస్టరునన్నాడు. మా చెల్లెలి భర్త కౌశిక్‌కి కాలేయంలో క్యాన్సర్ అట. జైలు ఆసుపత్రి వార్డులో ఉన్నాడట. ఈ చలికాలం దాటడని డాక్టర్లు చెప్పారట. కూతుర్ని ఒక్కసారి చూపించమని అడుగుతున్నాడట.

ఆ కూతురు దియకి గార్డియన్ని నేనే కాబట్టి నన్ను అడుగుతున్నారు.

కుదరదన్నాను. మర్యాదగానే అన్నాను. ఆయన అర్థమైందన్నాడు. ఫోన్ పెట్టేసే ముందు, నాకు ఊరటగా ఉంటుందనుకున్నాడో ఏమో, ఇంకో మాట చెప్పాడు. రెండేళ్ళ క్రితం కౌశిక్ బాప్తిస్మం తీసుకున్నాడట. "నేనే ఇచ్చాను సిస్టర్. అతను నిజంగా మారాడు."

థాంక్యూ అన్నాను.

మళ్ళీ మెషిన్ దగ్గరికి వెళ్ళి రీడింగులు రాసుకున్నాను. నేను బాగానే ఉన్నాను.

దియకి చెప్పలేదు. పదహారేళ్ళ పిల్ల. శనివారం రోబోటిక్స్ పోటీ ఉంది.

జనవరి 10

నాకు కోపం లేదు.

జనవరి 12, ఆదివారం

కూడిక అయ్యాక అందరూ భోజనాలకి లేచారు. జగదీష్ అయ్యగారు మైకు వైర్లు చుడుతున్నారు. మాది చిన్న తెలుగు సంఘం. ఒక అమెరికన్ చర్చి వాళ్ళ హాలు ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకి తీసుకుంటాం. అయ్యగారు వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి ఆదివారం వాక్యం చెబుతారు. చివర హాలు తుడిచి తాళం వేసేదీ ఆయనే.

"అయ్యగారూ, ఒక సందేహం. మనిషిని చంపినవాడు జైల్లో బాప్తిస్మం తీసుకుంటే చెల్లుతుందా?"

ఆయన వైరు చుట్టడం ఆపారు. ఎవరని అడగలేదు. మా సంఘంలో ఆ ప్రశ్నకి ఒకటే పేరు ఉంది.

"మారుమనస్సు నిజమైతే చెల్లుతుందమ్మా హెప్సిబా."

"అయితే పరలోకం వెళ్తాడు."

"మనం నమ్మే ప్రకారం, వెళ్తాడు."

"మరి నమ్రత?"

ఆయన మళ్ళీ వైరు చుట్టడం మొదలుపెట్టారు.

మా చెల్లి నమ్రత కౌశిక్‌ని గుడిలో పెళ్ళి చేసుకుంది. బొట్టు పెట్టుకుంది. చర్చికి రావడం మానేసింది. ఒకసారి గట్టిగా నిలదీస్తే, "నాకు నమ్మకం లేదక్కా, ఉన్నట్టు నటించలేను" అంది. ఇదంతా అయ్యగారికి తెలుసు. నేనే చెప్పి దాని కోసం ప్రార్థన చేయించేదాన్ని.

"ఆఖరి క్షణంలో ఆ అమ్మాయి ప్రభువుని పిలిచి ఉండొచ్చమ్మా. లోపల ఏం జరిగిందో మనకేం తెలుసు?" అన్నారు.

పిలిచి ఉండొచ్చు.

నమ్రత పోయిన రెండో ఏడు నేను సంఘంలో లేచి నిలబడి, కౌశిక్‌ని క్షమించానని సాక్ష్యం చెప్పాను. అందరూ ఏడ్చారు. అయ్యగారి భార్య విజయశ్రీ అమ్మగారు వచ్చి కౌగిలించుకున్నారు. అప్పుడది అంత తేలిగ్గా ఎలా చెప్పగలిగానో ఇవాళ అర్థమైంది. వాడు ఎక్కడికి పోతాడో నాకు తెలుసు. మన పని ఇంకెవరో చేస్తారని తెలిసినప్పుడు మన చేతులు శుభ్రంగా ఉంచుకోవడం కష్టం కాదు.

ఇప్పుడేమో వాడు పరలోకం లోపల. అది బయట.

దియ భోజనాల దగ్గర ఎప్పటిలాగే గోడ వారగా కూర్చుని పులిహోర కెలుకుతోంది.

జనవరి 15, బుధవారం

ఆ బ్రేక్‌ఫాస్ట్ సీరియల్ గిన్నె కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

నమ్రతకి ఇంకో రాష్ట్రంలో, బాతెల్‌లో ఉద్యోగం వచ్చింది. దియని తీసుకుని వెళ్ళిపోతానని చెప్పింది. ఆ రాత్రి వంటగదిలో వాడు దాని గొంతు పట్టుకున్నాడు. దాన్ని గరాజ్‌లోకి మోసుకెళ్ళి తలుపు వేశాడు. తెల్లారాక దియని లేపి, అమ్మ పడుకుందని చెప్పి, గిన్నెలో సీరియల్ వేసి పాలు పోసి తినిపించి, జడ వేసి, స్కూల్ బస్ ఎక్కించాడు. బస్సు మలుపు తిరిగాక పోలీసులకి ఫోన్ చేశాడు. దియకి అప్పుడు పదేళ్ళు. రాత్రంతా పైగదిలో నిద్రపోయింది.

కోర్టులో వాడి లాయరు ఆ గిన్నె గురించి చెప్పాడు. చూడండి, తండ్రికి బిడ్డ మీద ఎంత ప్రేమో, అని. జడ్జి ముప్పై ఏళ్ళు వేశాడు. అందులో ఆరేళ్ళు కూడా పూర్తికాలేదు. మిగతావి ఎగ్గొట్టి పరలోకానికి పోతున్నాడు.

జనవరి 18

నమ్రత ప్రభువుని పిలిచి ఉండొచ్చు. చిన్నప్పుడు ఉరుము ఉరిమినా పిలిచేది. నోటికి వచ్చిన అలవాటు ఎక్కడికి పోతుంది?

పిలిచిందో లేదో తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు.

జనవరి 20, సోమవారం

జైలు పాస్టరుకి నేనే ఫోన్ చేశాను. దియ రాదు, నేను వస్తానన్నాను. ఆయన సంతోషించాడు. దేవుడు నా హృదయాన్ని మెత్తబరిచాడన్నాడు. కాదనలేదు.

ఆఫీసు పని మీద సప్లయర్ ప్లాంట్‌కి వెళ్ళాలని దియకి చెప్పాను. శనివారం కూడానా, అంది. శనివారం కూడా, అన్నాను.

ఫిబ్రవరి 1, శనివారం

ఫ్లింట్ ఊరు దాటాక మంచు మొదలైంది. రోడ్డుకి రెండు పక్కలా జారిపోయి ఆగిన కార్లు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగిపోదామనిపించలేదు. నాకు కావలసింది ఒక్క మాట. అది తెచ్చుకుంటే జీవితాంతం సరిపోతుంది.

జైల్లో బూట్లు, బెల్టు, చెవి కమ్మలు అన్నీ తీయించారు. వార్డులో మందుల వాసన కంటే ఉడికించిన క్యాబేజీ వాసన ఎక్కువగా ఉంది. వాణ్ణి చూసి గుర్తుపట్టలేదు. చర్మం, కళ్ళు పసుపు పూసినట్టున్నాయి. పొట్ట ఉబ్బిపోయి, చేతులు పుల్లల్లా అయిపోయి ఉన్నాయి. లేచి కూర్చోలేని మనిషికి కూడా ఒక కాలికి గొలుసు వేసి మంచానికి కట్టారు. పక్కన కుర్చీలో గార్డు చూయింగ్ గమ్ నములుతున్నాడు.

"వస్తవనుకోలే వదినా" అన్నాడు. "తెలుగు మాట్లాడక చానా రోజులైంది. నోరు తిరుగుతలేదు."

నేను కూర్చోలేదు. "ఒకటి అడగడానికి వచ్చాను. నిజం చెప్పు."

"అడుగు."

"చివర్లో అది ఏమంది?"

గార్డుకి తెలుగు రాదు. అతని దవడ అలాగే ఆడుతోంది. కౌశిక్ కళ్ళు మూసుకున్నాడు.

"ఎందుకు అడుగుతున్నవో నాకు ఎరుకే. నేను గూడ పాస్టర్‌ని అడిగిన, ఆమె సంగతేందని. ఆఖరికి దేవుణ్ణి పిలిచిందేమో అన్నడు."

"పిలిచిందా?"

"పిలిచిందని చెప్తే నీకు మంచిగుంటది. నాక్కూడ మంచిగుంటది." ఊపిరి కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. "లేదు వదినా. పిల్వలే."

"మరి ఏమంది?"

"మెల్లగా. దియ లేస్తుంది."

ఆ మాట వాడి యాసలో రాలేదు. దాని యాసలో, మా గుంటూరు యాసలో వచ్చింది. అది చెప్పిన తీరులోనే వాడు ఆ మాటని ఆరేళ్ళు దాచుకున్నాడు.

"అంతేనా?"

"గంతే. ఆ తర్వాత నేను మాట్లాడనియ్యలే."

నేను మంచం కమ్మీ పట్టుకున్నాను. గార్డు తలెత్తి చూసి, చేయి తీయమని సైగ చేశాడు. తీశాను.

"వదినా, పాస్టర్ నాకు పరలోకం ఉందంటడు. ఆమె లేని కాడ నాకేం పరలోకం?"

"దాని గురించి మాట్లాడకు."

"మాట్లాడ. దియని ఒక్కసారి తీస్కరా. నాతోని మాట్లాడకున్నా సరే. గా తలుపు కాడ నిలబడ్డా సరే."

"చూస్తాను" అన్నాను.

చూస్తానంటే తీసుకురానని. అది నాకు తెలుసు, వాడికీ తెలుసు. అయినా వాడు చేతులు జోడించాడు.

తిరిగి వస్తూ ఒక పెట్రోల్ బంకు దగ్గర కారు ఆపి కూర్చున్నాను. ఇది రాయకూడదు, అయినా రాస్తున్నాను. నాకు కోపం వచ్చింది వాడి మీద కాదు. నమ్రత మీద. ఒక్క మాట. నోటితో కాకపోతే మనసులో. ఆ సమయంలో కూడా నీకు పట్టింది బిడ్డ నిద్రేనా?

ఫిబ్రవరి 2, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదని మెసేజ్ పెట్టాను.

ఫిబ్రవరి 5, బుధవారం

ఆఫీసు నుంచి నేరుగా అయ్యగారి ఇంటికి వెళ్ళాను. విజయశ్రీ అమ్మగారు టీ ఇచ్చి, నా మొహం చూసి లోపలికి వెళ్ళిపోయారు.

జరిగింది చెప్పాను. "పిలవలేదు అయ్యగారూ. ఇప్పుడు చెప్పండి, మా చెల్లి ఎక్కడుంది?"

ఆయన టీ కప్పు పక్కన పెట్టారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "చాలా ఏళ్ళుగా నేనొకటి నమ్ముతున్నానమ్మా. సంఘంలో ఎప్పుడూ చెప్పలేదు. చివరికి అందరూ రక్షింపబడతారని."

"నరకం లేదంటారా?"

"ఉంది. కానీ దానికీ ఒక చివర ఉంది. తప్పిపోయిన ఆఖరి మనిషి ఇంటికి వచ్చేదాకా ఆయన భోజనానికి కూర్చోడని నా నమ్మకం."

"అది దుర్బోధ." చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చుకున్న మాట, దానంతటదే వచ్చేసింది.

"అంటారు. మన పెద్దలు వింటే నన్ను వాక్యం చెప్పనివ్వరు. కానీ ఆదాము వల్ల చచ్చింది అందరూ అయినప్పుడు క్రీస్తు వల్ల బతికేది కొందరే ఎలా అవుతారమ్మా? అయితే ఆయన ఆదాముకంటే చిన్నవాడని అర్థం."

"మరి ఆరేళ్ళుగా నాకెందుకు చెప్పలేదు? దాని కోసం నేనెంత ఏడ్చానో మీకు తెలియదా?"

"తెలుసు. చెబితే నమ్రత ఒక్కతే రాదు కదమ్మా." అప్పుడు నా కళ్ళలోకి చూశారు. "ఆ రోజుల్లో నువ్వు దేన్ని పట్టుకుని నిలబడ్డావో నేను చూశాను. అతని కోసం నరకం ఉందన్నదాన్ని పట్టుకుని నిలబడ్డావు. అది నీ చేతుల్లోంచి లాక్కునే ధైర్యం నాకు లేకపోయింది."

టీ చల్లారిపోయింది. "దాన్ని చంపినవాడు ఎదురుగా కూర్చుంటే, అది అక్కడ ఏం సుఖపడుతుంది?" అన్నాను.

"అతను ఇప్పుడున్నట్టే వస్తాడని నేననలేదు. చేసింది పూర్తిగా చూడకుండా ఎవరూ లోపలికి రారు. ఆ చూడడం ఎంతకాలమో, ఎంత కాలుస్తుందో నాకు తెలియదు. నరకమంటే అదేననుకుంటాను."

"అది చాలదు."

"చాలదు. ఎంతైనా నీకు చాలదు" అన్నారు ఆయన. వాదించలేదు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

చెప్పులు వేసుకుని వచ్చేశాను. చెప్పులు కాదు, మంచు బూట్లు. లేసులు కట్టుకోవడానికి గుమ్మంలో అంతసేపు వంగి కూర్చోవలసి వచ్చింది.

ఫిబ్రవరి 8

మంచు తుఫాను హెచ్చరిక. ఉత్తరం వైపు ప్రయాణాలు మానుకోమన్నారు. దియని తీసుకెళ్దామనుకున్నా ఈ వారం కుదిరేది కాదు.

ఫిబ్రవరి 10

రోడ్లు శుభ్రం చేశారట. దియకి కెమిస్ట్రీ పరీక్ష.

ఫిబ్రవరి 13

జైలు పాస్టరు వాయిస్ మెయిల్ పెట్టాడు. తిండి మానేశాడట. తలుపు వైపే చూస్తున్నాడట.

ఇది దియ మంచి కోసమే. పదేళ్ళప్పుడు పడ్డది చాలు. ఆ పసుపు కళ్ళు, ఆ గొలుసు దానికెందుకు? నా స్థానంలో ఏ తల్లి అయినా ఇదే చేస్తుంది.

వచ్చే వారం చెబుతాను.

ఫిబ్రవరి 15

వచ్చే వారం.

ఫిబ్రవరి 18, మంగళవారం

నిన్న పోయాడట.

ఫోన్ పెట్టేశాక స్టవ్ మీద పప్పు మాడింది. గిన్నె నానబెట్టాను. సంతోషం వస్తుందని ఎదురుచూశాను. ఆరేళ్ళుగా అనుకుంటున్నది జరిగింది కదా. ఏదీ రాలేదు. మాడు వాసన మాత్రం పరదాలకి పట్టింది.

దియ డైనింగ్ టేబుల్ దగ్గర హోంవర్క్ చేసుకుంటోంది. ఎదురుగా కూర్చుని చెప్పాను. "మీ నాన్న పోయాడు."

"ఓకే" అంది. స్క్రీన్ మీంచి తలెత్తి, "ఎప్పుడు సిక్ అయ్యాడు?"

"చాలా నెలలైంది. నాకు జనవరిలో తెలిసింది."

"వాళ్ళు నీకు కాల్ చేశారా?"

"చేశారు."

"నాన్న నన్ను అడిగాడా?"

అబద్ధం చెప్పాలనే అనుకున్నాను. కానీ అది ల్యాప్‌టాప్ మూసేసి చేతులు దాని మీద పెట్టి కూర్చుంది. నమ్రత కూర్చున్నట్టే. "అడిగాడు. నేను ఒప్పుకోలేదు. నేను వెళ్ళి చూశాను."

"నువ్వు వెళ్ళావు. నన్ను తీసుకెళ్ళకుండా."

"నీ మంచికే—"

"నాకు ఒకటి అడగాలి, పెద్దమ్మా. నాన్నని. సిక్స్ ఇయర్స్ నుంచి అడగాలి. ఇంకెవరికీ తెలీదు అది. నువ్వు నాది తీసేసుకున్నావు."

"ఏం అడగాలి?"

అరవలేదు, ఏడవలేదు. పుస్తకాలు తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

నేను కూడా అడగడానికే వెళ్ళాను. నా ప్రశ్న కోసం అంత దూరం వెళ్ళొచ్చనుకున్నాను. దియకీ ఒక ప్రశ్న ఉండొచ్చని తట్టలేదు.

ఫిబ్రవరి 20, గురువారం

ఎవరూ తీసుకోకపోతే శవాన్ని జైలు వాళ్ళే పూడ్చేస్తారు. కరీంనగర్‌లో వాడి తల్లి శేషమ్మగారికి ఫోన్ చేశాను. ఆరేళ్ళలో మొదటిసారి. ఆవిడ ముందు నన్ను క్షమించమని అడిగింది, తర్వాత దియ ఎట్లుందని అడిగింది. శవం సంగతి చెబితే, "నాకు కొడుకు ఎప్పుడో పోయిండమ్మా. నీకు తోచినట్టు చేయి" అని ఏడ్చింది.

నాకు తోచింది అక్కడే వదిలేయాలని. కానీ దియ రెండు రోజుల తర్వాత మొదటిసారి నోరు తెరిచింది, తలుపు వెనక నుంచి. "నాకు చూడాలి. చనిపోయినా పర్లేదు. నాకు చూడాలి."

శవాన్ని తీసుకుంటామని సంతకం పెట్టి పంపాను. జైలున్న ఊళ్ళోనే ఒక ఫ్యూనరల్ హోమ్ వాళ్ళు దహనం చేస్తారు. నా చెల్లెల్ని చంపినవాడికి నేనే కర్మ చేయిస్తున్నాను.

అయ్యగారికి మెసేజ్ పెట్టాను, దియ కోసం ఒక ప్రార్థన చేస్తారా అని. వస్తానన్నారు. నేను ఆ ఇంటి నుంచి వచ్చేసిన తీరు గురించి ఒక్క మాట ఎత్తలేదు.

ఫిబ్రవరి 22, శనివారం

చేయి తిరగడం లేదు, అయినా ఇవాళే రాయాలి.

ఫ్యూనరల్ హోమ్‌లో చిన్న గది. నేను, దియ, అయ్యగారు. వాడికి ఎవరో పాత నీలం చొక్కా తొడిగారు, మెడ దగ్గర వదులుగా ఉంది. కాలికి గొలుసు లేదు. దియ దగ్గరికి వెళ్ళి నిలబడింది. ముట్టుకోలేదు.

"హి లుక్స్ స్మాల్" అంది.

అయ్యగారు ప్రార్థన చేశారు. నాకు తన ఇంట్లో రహస్యంగా చెప్పినది అక్కడ పైకే చెప్పారు. ప్రభువా, నమ్రతని నువ్వు పోగొట్టుకోలేదు, ఈ మనిషినీ పోగొట్టుకోవు, ఎవర్నీ పోగొట్టుకోవు, అన్నారు. దియ కళ్ళు తెరిచి ఆయన్నే చూస్తోంది. నేను ఆమేన్ అనలేదు. పెదవులు కూడా కదపలేదు.

బయట మంచులో ఆయన కారు అద్దం గీకుతుంటే, సంఘంలో ఎవరికైనా చెప్పి వచ్చారా అని అడిగాను. పెద్దలకి చెప్పే వచ్చారట. ఎందుకు వెళ్తున్నావని అడిగితే తను నమ్మేది ఉన్నది ఉన్నట్టు చెప్పారట. వచ్చే ఆదివారం నుంచి వాక్యం వేరే ఆయన చెబుతారు. "పర్వాలేదమ్మా, నాకూ ఒక రోజు సెలవు దొరికింది" అన్నారు. నవ్వబోయి ఊరుకున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు దియ ముందు సీట్లో కూర్చుంది. మంగళవారం నుంచి ఇంత దగ్గరగా కూర్చోలేదు. సన్నగా మంచు పడుతోంది.

"పెద్దమ్మా, నువ్వు నాన్నని ఏం అడిగావు?"

దాచడానికి ఓపిక లేదు. "మీ అమ్మ చివర్లో ఏమందని."

"ఏమంది?"

"మెల్లగా, దియ లేస్తుంది, అందట."

వైపర్లు తిరుగుతున్నాయి. అది కిటికీ వైపు చూస్తోంది.

"నేను లేచే ఉన్నా" అంది.

నాకు మొదట అర్థం కాలేదు.

"మెట్ల మీద ఉన్నా. సౌండ్ వచ్చింది, సో వచ్చా. అమ్మ అలా అనింది. నేను లేవడం అమ్మకి వద్దు కదా. సో వెనక్కి వెళ్ళి పడుకున్నా. కళ్ళు టైట్‌గా మూసుకున్నా." గొంతులో ఏడుపు లేదు. ఎవరికో దారి చెబుతున్నట్టు చెప్పుకుపోతోంది. "మార్నింగ్ నాన్న సీరియల్ ఇచ్చాడు. అమ్మ పడుకుంది అన్నాడు. నాకు తెలుసు, పెద్దమ్మా. నాకు తెలుసు. నేను తిన్నా. మొత్తం తిన్నా."

"దియా."

"పోలీస్ లేడీ అడిగింది. స్లీపింగ్ అని చెప్పా. నేను లేచానని నాన్నకి తెలుసా అని, అదే అడగాలి నాకు. అంతే."

కారు రోడ్డు పక్కకి తీసి ఆపాను. ఆపకపోతే ఏమయ్యేదో తెలియదు. సీటు బెల్టు తీయకుండానే దాన్ని దగ్గరికి లాక్కున్నాను. అది రాలేదు, బిగుసుకుపోయి ఉంది. నీకు అప్పుడు పదేళ్ళు, కిందికి వచ్చి ఉంటే నిన్ను కూడా పోగొట్టుకునేవాళ్ళం, మీ అమ్మకి కావలసింది నువ్వు సరిగ్గా అదే చేశావు, అని ఏవేవో చెప్పాను. అన్నీ నిజాలే. ఒక్కటీ దాని లోపలికి వెళ్ళలేదు.

"ఇట్స్ ఫైన్" అంది. "చర్చిలో చెప్తారు కదా, కొంతమంది లోపల, కొంతమంది బయట. నేను బయట అని నాకు ఎప్పటినుంచో తెలుసు. అలవాటైపోయింది."

ప్రతి ఆదివారం నా పక్క కుర్చీలో కూర్చుంది. అగ్నిగుండం గురించి చెబుతున్నప్పుడు నేను తల ఊపేదాన్ని, వాణ్ణి తలుచుకుని. నా పక్కన ఇది తనని తలుచుకునేది. వాడి కోసం నేను ఆర్పకుండా కాపాడుకున్న నరకంలో, పదేళ్ళ పిల్ల ఒక్కతే కూర్చుని పదహారేళ్ళదయింది.

"బయట ఎవరూ ఉండరు" అన్నాను.

"పాస్టర్ అంకుల్ ఇవాళ చెప్పినట్టా? నువ్వు నమ్ముతావా అది?"

"నాకు తెలియదు దియా. నిన్ను బయట నిలబెట్టేది మాత్రం దేన్నీ నమ్మను. ఇకమీదట నమ్మను. అందరూ వస్తారు. ఆలస్యంగానైనా వస్తారు."

అప్పుడు మొదటిసారి నా వైపు తిరిగింది.

"నాన్న కూడా?"

పక్క నుంచి ఒక పెద్ద ట్రక్కు పోయింది. కారు ఊగింది, అద్దం నిండా బురద మంచు పడింది. వైపర్లు తుడిచేదాకా ఏమీ కనిపించలేదు. ఈ పిల్లని లోపలికి తీసుకురావడానికి ఆ ఒక్క మాట తప్ప నాకు వేరే దారి కనిపించలేదు.

"మీ నాన్న కూడా" అన్నాను.

"నాకు అది నచ్చలేదు" అంది.

"నాకూ నచ్చలేదు."

అప్పుడు అది నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. పదేళ్ళ పిల్ల ఏడ్చినట్టు, వెక్కిళ్ళు పెట్టి, ముక్కు కారుతూ. ఎంత గట్టిగా ఏడ్చినా మెల్లగా అని నేను అనలేదు. ఏడుపు ఆగాక ఇండికేటర్ వేసి, వెనక వచ్చే బండ్లన్నీ పోయేదాకా చూసి, మళ్ళీ రోడ్డెక్కాను.